గిగాబిట్ కొనబోయి ఆగాను

శనివారం పొద్దున ఎనిమిదింటికి తెనాలికి వీడియో కాల్ చేయడం మా ఇంట్లో ఏళ్లుగా ఉన్న అలవాటు. నార్త్ కరోలినాలోని షార్లెట్ శివారులో మాకు ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. నవంబరులో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఆరున్నర. నాన్న వరండాలో పడక్కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఉంటారు. అమ్మ ట్యాబ్‌ను నీళ్ల బిందెకు ఆనించి పెడుతుంది. పిల్లలు ఓ ఐదు నిమిషాలు కనిపించి పారిపోతారు. ఆ తర్వాత మేమిద్దరం, వాళ్లిద్దరం.

ఈ వేసవిలో ఆ కాల్ చెడిపోవడం మొదలైంది. రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, అంతలో నా మొహం నోరు తెరిచినట్టే బిగుసుకుపోతుంది. మాట ముందు వెళ్తుంది, పెదవులు తర్వాత కదులుతాయి. ‘‘బొమ్మ ఆగిందిరా’’ అంటుంది అమ్మ. వేరే ఇంట్లో అయితే ఇది చిన్న చిరాకు. మా ఇంట్లో కాదు. నాన్నకు రెండేళ్లుగా వినికిడి తగ్గింది. చెవి మిషన్ పెట్టుకుంటారు గానీ సగం చెవితో, సగం ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. మామూలు ఫోన్ ఆయనకు ఎప్పుడో పనికిరాకుండా పోయింది. మిగిలింది వీడియో ఒక్కటే. అదీ ఆగి ఆగి వస్తుంటే ‘‘సరేరా, మీ అమ్మతో మాట్లాడు’’ అని లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

ఓ శనివారం అమ్మ ట్యాబ్ తీసుకుని వంటింట్లోకి వెళ్లి గొంతు తగ్గించి చెప్పింది. ‘‘నువ్వు చెప్పేది ఆయనకి అందట్లేదురా. మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడుతున్నారు.’’ కొడుకు దగ్గర మొహమాటం! ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు.

సరిగ్గా ఆ వారమే మా కేబుల్ ఇంటర్నెట్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడున్న 300 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 1000కి, అంటే గిగాబిట్‌కి మారమని. నెలకు 30 డాలర్లు ఎక్కువ, ఏడాది పాటు అదే ధర, కొత్త మోడెమ్ వాళ్లే పంపుతారు. నేను క్రెడిట్ కార్డు కోసం లేచాను కూడా. మా ఆవిడ పక్కనుంచి ఒకే ప్రశ్న వేసింది. ‘‘ఏవండీ, ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే ముందు సర్వర్ కొంటారా, లాగ్ చూస్తారా?’’

ఫోన్ పెట్టేశాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇరవై ఏళ్లుగా పొట్టకూటికి నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాస్తున్న నేను, 2016లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచి నా ఇంటి మోడెమ్ వైపు ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. లైట్లు వెలుగుతున్నాయా లేదా అన్నదే నా పరీక్ష.

దిగేది ఎంత, ఎక్కేది ఎంత

కంపెనీలు పెద్ద అక్షరాల్లో రాసే అంకె డౌన్‌లోడ్‌ది. బయటి నుంచి మన ఇంట్లోకి దిగే వేగం. సినిమాలు, సీరియళ్లు, గేముల అప్‌డేట్లు అన్నీ ఇటు నుంచే వస్తాయి. కానీ తెనాలిలో నాన్నకు కనబడాల్సిన నా మొహం ఇక్కడి నుంచి బయటికి వెళ్లాలి. అది అప్‌లోడ్. నా ప్లాన్‌లో అది ఎంతో నాకే తెలియదు. కంపెనీకి తిరిగి ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయి కాసేపు వెతికి చెప్పింది. ఇప్పుడున్నది 20, గిగాబిట్ ప్లాన్‌లో 35. అంటే దిగేది మూడింతలు దాటుతుంది, ఎక్కేది రెండింతలు కూడా కాదు.

ఎందుకింత తేడా? కేబుల్ ఇంటర్నెట్ వచ్చే ఆ నల్లటి లావు తీగ అసలు పుట్టింది టీవీ చానళ్ల కోసం. చానళ్లు ఇంటికి వస్తే చాలు, ఇంటి నుంచి తిరిగి పంపేదేమీ ఉండేది కాదు. అందుకని తీగలోని ఫ్రీక్వెన్సీల్లో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సన్నటి ముక్కను మాత్రమే వెనక్కి వెళ్లే దారికి వదిలారు. పైనున్న విశాలమైన భాగమంతా వచ్చే దారికే. పైగా ఆ సన్నటి దారిని వీధిలో ఉన్న ఇళ్లన్నీ పంచుకోవాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఆ హద్దును 85కీ, 204కీ జరుపుతున్నాయి. జరిపిన చోట అప్‌లోడ్ బాగా పెరుగుతోంది. మా వీధికి ఆ పని ఇంకా రాలేదు. ఫైబర్ కూడా రాలేదు. రోడ్డుకి అవతల ఉన్న కొత్త కాలనీకి వచ్చింది. వాళ్లని చూసి అసూయపడటం తప్ప చేసేదేమీ లేదు.

మీ ప్లాన్‌లో అప్‌లోడ్ ఎంతో తెలుసుకోవడానికి ఇప్పుడు ఫోన్ చేసి అడగాల్సిన పని కూడా లేదు. 2024 ఏప్రిల్ 10 నుంచి పెద్ద కంపెనీలు, అదే ఏడాది అక్టోబరు నుంచి చిన్నవి కూడా ప్రతి ప్లాన్‌కీ ఓ పట్టిక చూపించాలని ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. బిస్కెట్ ప్యాకెట్ వెనక కేలరీల పట్టికలా ఉంటుంది. నెల ధర, అది మొదటి కొన్నాళ్ల ధరా కాదా, మామూలుగా వచ్చే డౌన్‌లోడ్, అప్‌లోడ్, ఆలస్యం, వాడకానికి పరిమితి, అన్నీ అందులో ఉండాలి. 2024 మార్చిలో అదే ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగాన్ని 25కి 3 నుంచి 100కి 20కి పెంచింది. మొదటిది డౌన్‌లోడ్, రెండోది అప్‌లోడ్. నా 20 సరిగ్గా ఆ గీత మీద ఉంది.

మరి గీత మీద ఉన్నప్పుడు ఒక్క వీడియో కాల్ ఎందుకు ఆగాలి? జూమ్‌లో బాగా స్పష్టంగా కనిపించే మీటింగుకే 4 ఎంబీపీఎస్ లోపు సరిపోతుంది. వాట్సాప్‌కి అంతకూడా అక్కర్లేదు. ఇరవైలో నాలుగు దొరకట్లేదంటే మిగతా పదహారు ఎవరు తింటున్నట్టు?

వైకుంఠం క్యూ కాంప్లెక్స్

ఒక శుక్రవారం రాత్రి అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్‌ను నేరుగా మోడెమ్‌కి తీగతో కలిపి చూశాను. 310 దిగుతోంది, 21 ఎక్కుతోంది. అంటే కంపెనీ డబ్బు తీసుకున్న మేరకు ఇస్తోంది. తర్వాత మేం కాల్ చేసే మేడ మీది గదిలో వైఫై మీద చూశాను. 38, 9. ఇంట్లోకి వచ్చిన నీళ్లు మేడ మీది కుళాయికి ఎక్కట్లేదన్నమాట. ప్లాన్ వెయ్యికి పెంచినా ఆ గదిలో 38 అలాగే ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చాలామందికి నెలకు 30 డాలర్లు మిగులుస్తుందని నా అనుమానం. ముందు తీగ మీద, తర్వాత మీరు వాడే గదిలో చూసి, రెండంకెలూ పక్కపక్కన రాసుకోండి.

అయినా 9 ఉన్నా ఒక కాల్‌కి చాలు. అసలు దొంగ శనివారం పొద్దున దొరికాడు.

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయికి కూచిపూడి క్లాసు. ప్రతి అడుగూ వీడియో తీస్తారు. రాత్రి ఫోన్లు చార్జింగ్‌కి పెడతారు. వైఫై దొరికి, చార్జర్ తగిలించి ఉండటం చూసి మూడు ఫోన్లూ ఆ వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలెడతాయి. అది శనివారం పొద్దుటి దాకా సాగుతుంది. దానికి తోడు మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాకప్. ఇంకా ఇంటి చుట్టూ నేనే ముచ్చటపడి పెట్టిన నాలుగు కెమెరాలు, ఉడత కదిలినా ఓ వీడియో పైకి పంపిస్తాయి. అన్నీ ఆ ఒక్క సన్నటి దారిలోనే.

మామూలప్పుడు మా లైన్ మీద ఒక చిన్న పలకరింపు వెళ్లి తిరిగి రావడానికి 18 మిల్లీసెకన్లు పడుతోంది. ఫోన్లు ఎక్కించడం మొదలెట్టగానే అది 700 దాటింది. ఏదీ తెగిపోలేదు, ఆలస్యమైందంతే. కారణం మోడెమ్ లోపలి క్యూ. బయటికి వెళ్లే దారి నిండినప్పుడు మోడెమ్ ఎవరినీ తిప్పి పంపదు, అందరినీ లోపల కూర్చోబెడుతుంది. తిరుమలలో కంపార్టుమెంట్లు గుర్తు తెచ్చుకోండి. ముందు పది బస్సుల జనం ఉన్నారు. మీరొక్కరే వెళ్లినా వాళ్ల వెనకాలే కూర్చోవాలి. ఫొటోలకు ఆలస్యమైతే పోయేదేం లేదు, రేపు చేరినా ఫొటోయే. వీడియో కాల్‌లో అర సెకను ఆలస్యంగా వచ్చిన ముక్కను మాత్రం అవతలి ఫోన్ పారేస్తుంది. పారేసిన ముక్కే నాన్నకు కనబడని నా పెదవి.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుంది. జిమ్ గెటీస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన సొంత ఇంట్లో నెట్ ఇలాగే మొరాయిస్తుంటే వెతికి పట్టుకుని లోకానికి చెప్పాడు. అప్పట్లో నేను కూడా చదివాను. చదివి, అది వేరేవాళ్ల ఇళ్ల సంగతి అనుకున్నాను.

మందు ఉంది. చంటిబిడ్డల తల్లిదండ్రులకీ, పెద్దవాళ్లకీ దేవస్థానం వేరే వరుస పెట్టినట్టు, చిన్న చిన్న ముక్కలుగా వచ్చే మాటనీ బొమ్మనీ ఫొటోల బస్సు వెనక నిలబెట్టకుండా పక్కనుంచి పంపే పద్ధతి కొన్ని రౌటర్లలో ఉంటుంది. సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అనో, స్మార్ట్ క్యూ అనో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కంటే పదోవంతు తక్కువగా పెట్టాలి. నాకు 20 కాబట్టి 18 పెట్టాను. అప్పుడు క్యూ మోడెమ్‌లో పేరుకోకుండా రౌటర్ చేతిలోనే ఉంటుంది. ఫోన్లన్నీ ఎక్కిస్తున్నప్పుడు మళ్లీ చూస్తే 40 మిల్లీసెకన్ల లోపు. ఫొటోలు చేరడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. ఎవరూ గమనించలేదు.

మీ రౌటర్‌లో ఆ సదుపాయం లేకపోతే డబ్బు ఖర్చు లేని మార్గం ఇంకోటుంది. ఫోన్లలో బ్యాకప్‌ను కాల్ అయ్యేదాకా ఆపేయండి. ఉడతల కెమెరాలు అన్నీ అవసరమా అన్నది ఇంట్లో తేల్చుకోండి. మా ఇంట్లో రెండు తగ్గాయి.

టీవీ వెనకాల ఇనుప డబ్బా

ఇంతటితో ఆపి ఉండొచ్చు. కానీ పని మొదలెట్టాక ఆపే అలవాటు మావాళ్లకు లేదు. చాలా కేబుల్ మోడెమ్‌లకు లోపల ఒక పేజీ ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే తెరుచుకుంటుంది. చూడటానికి డాక్టరు రిపోర్టులా భయపెడుతుంది గానీ అందులో మూడు అంకెలు చూస్తే చాలు. లోపలికి వచ్చే సిగ్నల్ బలం సున్నాకి అటూ ఇటూ ఏడు లోపల ఉండాలి. మోడెమ్ బయటికి పంపే బలం 50 దాటకూడదు. సరిదిద్దలేని పొరపాట్ల లెక్క గంట గంటకూ పెరగకూడదు. నాది బయటికి పంపే బలం 51. అంటే అవతలివాళ్లకు వినబడక మా మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోంది. నాన్నతో నేను మాట్లాడినట్టే.

తీగ వెంట వెనక్కి వెళ్లాను. హాల్లో టీవీ వెనకాల దుమ్ములో అరచేతిలో పట్టేంత ఇనుప డబ్బా దొరికింది. స్ప్లిటర్. ఒక తీగను నాలుగుగా చీల్చేది. నాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లు నాలుగు గదుల్లో కేబుల్ టీవీ చూసేవారట. మాకు కేబుల్ టీవీయే లేదు. మూడు మూతులు ఖాళీ, నాలుగోదాంట్లో మోడెమ్. నాలుగు ముక్కల స్ప్లిటర్ దాటితే సిగ్నల్‌లో ఏడు డెసిబెల్స్ దాకా పోతుంది, అంటే బలంలో ఐదోవంతే మిగులుతుంది. దాన్ని తీసేసి, రెండు తీగల కొసల్నీ హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే చిన్న జాయింట్‌తో కలిపాను. 51 కాస్తా 44 అయింది. పొరపాట్ల లెక్క కదలడం మానేసింది. తొమ్మిదేళ్లుగా ఆ డబ్బా అక్కడే ఉంది. దాని పక్కనే ప్రతి దసరాకీ బొమ్మల కొలువు పెడుతున్నాం.

స్ప్లిటర్ లేకపోయినా అంకెలు బాగాలేకపోతే తప్పు ఇంటి బయట ఉండొచ్చు. గోడ దగ్గర కనెక్టరు తుప్పు పట్టడం, నేలలో తీగ దెబ్బతినడం. అప్పుడు ఆ పేజీని ఫొటో తీసుకుని కంపెనీకి ఫోన్ చేయండి. ‘‘నెట్ స్లోగా ఉంది’’ అంటే మోడెమ్ ఆపి ఆన్ చేయమంటారు. ‘‘అప్‌స్ట్రీమ్ పవర్ 51 ఉంది’’ అంటే మనిషిని పంపుతారు. పంపేముందు ఆ రాకకు చార్జీ ఉందా అని అడగండి.

అద్దె మోడెమ్ లెక్క

మోడెమ్ మాత్రం మార్చాను. దాని లెక్క వేరు. నేను వాడుతున్నది 2016లో కంపెనీ ఇచ్చిన డాక్సిస్ 3.0 రకం. డౌన్‌లోడ్‌కు ఎనిమిది చానళ్లు, ఒక్కో చానల్‌కు దాదాపు 38 ఎంబీపీఎస్, అన్నీ కలిపితే 300 చిల్లర. అంటే నా ప్లాన్‌కి అంచుల దాకా నిండిన గిన్నె. రాత్రి ఎనిమిదింటికి వీధంతా సినిమాలు చూసే వేళ ఒక చానల్ కాస్త నలిగినా పొంగిపోతుంది. 2013లో వచ్చిన డాక్సిస్ 3.1 ప్రమాణంలో ఎక్కువ దారులుంటాయి. అంతకంటే నాకు నచ్చింది, ఇందాక చెప్పిన క్యూ పెరగకుండా చూసే ఏర్పాటు ఆ ప్రమాణంలోనే తప్పనిసరిగా ఉంది. కంపెనీ దాన్ని వాడుకలో పెట్టిన చోట విడిగా రౌటర్ సెట్టింగుల జోలికి వెళ్లనివాళ్లకు కూడా కొంత మేలు జరుగుతుంది.

ఇక డబ్బు. ఆ పాత డబ్బాకి నెలకు 14 డాలర్ల అద్దె. ఏడాదికి 168. తొమ్మిదేళ్లకి 1512. నాలుగు మెతుకులు ఎక్కువైతే రేపటికి పులిహోర చేసుకునే ఇల్లు మాది. ఆ ఇంట్లోంచి పదిహేను వందల డాలర్లు ఒక ప్లాస్టిక్ డబ్బా అద్దెకి వెళ్లాయి. మా ఆవిడకు ఈ అంకె చెప్పిన రోజు భోజనాల దగ్గర ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. సొంతంగా కొన్న డాక్సిస్ 3.1 మోడెమ్‌కి 170 డాలర్లు అయింది. ఏడాదిలో ఖర్చు తీరిపోతుంది.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. మీ కంపెనీ తన నెట్‌వర్క్‌లో అనుమతించే మోడెమ్‌ల జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది, అందులో ఉన్నదే కొనండి. ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా ఆ మోడెమ్ నుంచే వస్తుంటే ఫోన్ మూతి ఉన్న రకం కావాలి. కొన్ని కంపెనీలు మోడెమ్‌ని ఉచితంగానే ఇస్తాయి, వైఫైకి మాత్రమే డబ్బు తీసుకుంటాయి. అలాంటిచోట మోడెమ్ కొనడం దండగ, రౌటర్ ఒకటి కొనుక్కుంటే చాలు. ఫైబర్‌కి, 5జీ హోమ్ ఇంటర్నెట్‌కి ఈ మోడెమ్‌లు పనికిరావు. ఇక పాతది తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి, సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. నేను ఇచ్చేసిన తర్వాతి నెల బిల్లులో కూడా 14 డాలర్లు దర్జాగా వచ్చి కూర్చున్నాయి. 2020 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, వాడేది మన సొంత పరికరం అయినప్పుడు కంపెనీ దానికి అద్దె వసూలు చేయకూడదు. రసీదు నంబరు చదివి, ఆ చట్టం మాట ఎత్తగానే పది నిమిషాల్లో తీసేశారు.

గిగాబిట్ ఎవరికి

మా అబ్బాయి ఒక్కడే ఈ తీర్పుకి ఒప్పుకోలేదు. పదిహేనేళ్లవాడు, గేములాడతాడు. వాడి వాదన కొట్టిపారేసేది కాదు. గేమ్ ఆడటానికి నిజానికి ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు, ఆలస్యం లేకపోతే చాలు. క్యూ సంగతి తేలాక వాడి ఆట కూడా బాగుపడింది. కానీ కొత్త గేమ్ దించుకోవాలంటే 100 జీబీ. 300 మీద ముప్పావుగంట, గిగాబిట్ మీద పద్నాలుగు నిమిషాల లోపు. ‘‘నాన్నా, అరగంట సేవ్ అవుతుంది’’ అన్నాడు. నెలకి ఒకసారి అరగంట కోసం ఏడాదికి 360 డాలర్లు. ఆ అరగంటలో గిన్నెలు తోమితే డబ్బులిస్తానన్నాను. చర్చ అక్కడితో ముగిసింది.

ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడితే ఎంతవుతుందో కూడా కూడి చూశాను. నెట్‌ఫ్లిక్స్ 4కే సినిమాకి 15 చాలంటుంది. అలాంటివి రెండు, మా ఆవిడ మీటింగ్ ఒకటి, తెనాలి కాల్ ఒకటి, వాడి ఆట, అత్తయ్యగారు వచ్చినప్పుడు రాత్రి పదింటిదాకా తెలుగు సీరియళ్లు. అన్నీ కలిపినా 60 దాటదు. 300లో ఇంకా బోలెడు చోటు ఉంది. నిజానికి ఆ అంకె చూశాక వచ్చే ఏడాది ఇంకా చిన్న ప్లాన్‌కి దిగొచ్చా అని ఆలోచిస్తున్నాను. అక్కడ అప్‌లోడ్ పదికి పడిపోతుంది కాబట్టి ఇంకా తేల్చుకోలేదు.

అయితే అందరి ఇల్లూ మా ఇల్లు కాదు. మా వరంగల్ మిత్రుడి భార్య వంటల వీడియోలు చేస్తుంది. వారానికి ఇరవై జీబీ పైకి పంపాలి. నా లైన్ మీద అది రెండుంబావు గంటలు. వాళ్ల వీధికి ఫైబర్ రాగానే ఎక్కేది కూడా 500 ఉన్న ప్లాన్‌కి మారారు, ఇప్పుడు ఐదారు నిమిషాల్లో వెళ్తుంది. ఆ ఖర్చు వాళ్లకు సబబే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు రోజంతా మీటింగుల్లో ఉండి, అప్‌లోడ్ ఐదో పదో ఉన్న ప్లాన్ అయితే మారాల్సిందే. వీధికి ఫైబర్ వచ్చి, ధర కేబుల్‌కి దగ్గరగా ఉంటే నేను రెండోమాట లేకుండా మారతాను. దానికి ఎదురు చూస్తూనే ఉన్నాను. కంపెనీవాళ్లు ఫోన్ చేసి అంకె చెప్పినప్పుడు మాత్రం ‘‘ఎక్కేదెంత, ఏడాది తర్వాత ధరెంత’’ అని రెండు ప్రశ్నలు వేయండి. మొదటి ప్రశ్నకే అవతలివాళ్లు కాగితాలు వెతుక్కుంటారు.

తెనాలి వైపు

కాల్‌కి రెండు కొసలుంటాయి. నా కొస బాగుపడ్డాక కూడా నాన్న బొమ్మ మాకు అప్పుడప్పుడు ముక్కలవుతూనే ఉంది. అక్కడ లైన్ లోపమా అంటే, నిజానికి నాకంటే వాళ్లదే మెరుగు. ఇంటికి ఫైబర్ ఉంది. నెలకు పన్నులు కాక ఏడు వందల రూపాయల లోపు 100 ఎంబీపీఎస్, దిగేదీ ఎక్కేదీ సమానం. అమెరికాలో కూర్చుని తెనాలి అప్‌లోడ్‌ని చూసి కుళ్లుకోవాల్సి వస్తుందని నేను ఊహించలేదు.

తప్పు మళ్లీ ఇంట్లోనే ఉంది. రౌటర్‌ని పెట్టినవాడు పడకగదిలో ఇనుప బీరువా మీద పెట్టాడు. నాన్న కూర్చునేది వరండాలో. మధ్యలో రెండు పాతకాలపు గోడలు, ఒక బీరువా. ట్యాబ్ అక్కడి దాకా వచ్చేసరికి వైఫై వదిలేసి సిమ్ డేటా పట్టుకుంటోంది. పక్కింటి డిగ్రీ కుర్రాడు వచ్చి తీగ పొడిగించి రౌటర్‌ని హాల్లో కిటికీ పక్కకి మార్చాడు. తీగకీ, వాడి కూల్‌డ్రింకుకీ కలిపి మూడు వందల లోపే అయిందని అమ్మ చెప్పింది. ఇక్కడ నేను కూడా మేడ మీది గది మానేసి, మోడెమ్ ఉన్న గదిలో ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించి కూర్చుంటున్నాను. వెలుతురు మొహం మీద పడేలా, కిటికీకి ఎదురుగా. ఇది నెట్‌వర్క్ సంగతి కాదు గానీ, పెదవులు చదివే మనిషికి అన్నిటికంటే ముఖ్యమైంది అదే. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఎంత వేగం ఉన్నా మొహం నల్లటి మచ్చే.

ఆగస్టు చివరి శనివారం అన్నీ సర్దుకున్నాక చేసిన మొదటి కాల్. నేను మోకాలి డాక్టరు గురించి అమ్మతో మాట్లాడుతున్నాను. నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి ట్యాబ్‌ని దగ్గరికి లాక్కున్నారు. కళ్లజోడు సర్దుకుని నా మొహంలోకి చూశారు.

‘‘ఏరా, గడ్డం తెల్లబడిందే?’’

అమ్మ నవ్వింది. తర్వాత నలభై నిమిషాలు లేవలేదాయన. పొలం కౌలు సంగతి, మా మేనత్త కూతురి పెళ్లి, నా ఆఫీసులో జనాన్ని తీసేస్తున్నారని పేపర్లో చదివిన వార్త, అన్నీ అడిగారు. చివర్లో ఇంటర్నెట్ సంగతి వచ్చింది. రౌటర్ మార్చిన కుర్రాడు ఏదో చెప్పాడట.

‘‘మాకు ఏడు వందలకి వంద వస్తోందట. పోయేది కూడా వందేనట. మీ అమెరికాలో నువ్వు నెలకి ఎంత కడుతున్నావురా?’’

బొమ్మ ఆగినట్టు కదలకుండా కూర్చున్నాను. నాన్న రెండు క్షణాలు చూసి, ‘‘వేషాలెయ్యకు, వెనకాల ఫ్యాన్ తిరుగుతోంది’’ అన్నారు.